జూమ్ సంగతి సరే.. కొలిచి చెప్పగలదా?

పోయిన వర్షాకాలంలో ఓ రాత్రి పదకొండింటికి నా ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చింది. అమ్మ బ్లడ్ రిపోర్ట్. ఓపెన్ చేస్తే అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క లైన్ మాత్రం ఎర్రగా ఉంది. ప్లేట్‌లెట్లు 41,000. ఉండాల్సింది కనీసం లక్షన్నర.

అమ్మకి అప్పటికి నాలుగు రోజులుగా జ్వరం. వీధిలో ఇద్దరికి డెంగ్యూ. నేను హైదరాబాద్‌లో, అమ్మ ఊళ్లో. ఫ్యామిలీ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టిన ఐదు నిమిషాలకి పెద్దమ్మ బొప్పాయి ఆకు రసం పట్టించమంది. బాబాయి "పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోదాం, ప్లేట్‌లెట్లు ఎక్కించేస్తారు" అన్నాడు. నేను ఆ రాత్రే బస్సెక్కాను. దారంతా ఆ ఎర్ర అంకెనే చూస్తూ కూర్చున్నా.

పొద్దున డాక్టర్ గారు అమ్మని చూశారు. డెంగ్యూ టెస్ట్ నెగెటివ్. ఎక్కడా రక్తం కారడం లేదు, ఒంటి మీద మచ్చలు లేవు, బీపీ బాగుంది. "ఈ నంబర్ నాకు నమ్మబుద్ధి కావట్లేదు. ఒకసారి స్మియర్ చూడమనండి" అని చీటీ రాసిచ్చారు. స్మియర్ అంటే ఒక రక్తపు చుక్కని గాజు స్లయిడ్ మీద పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి మనిషి కళ్లతో చూడటం. వందేళ్లకి పైబడిన పద్ధతి.

ల్యాబ్‌లో పెథాలజిస్ట్ మేడమ్ స్లయిడ్ పెట్టి రెండు నిమిషాలు చూసి నవ్వారు. "రండి బాబూ, మీరే చూడండి" అన్నారు.

చూశాను. లేత గులాబీ రంగులో ఎర్ర రక్తకణాలు, నాణేలు పరిచినట్టు. వాటి మధ్య ఊదారంగు చుక్కలు. అవే ప్లేట్‌లెట్లు. విడివిడిగా చెల్లాచెదురుగా ఉండాల్సినవి, బెల్లం ముక్క చుట్టూ చీమలు మూగినట్టు గుంపులు గుంపులుగా ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ట్యూబ్‌లో ఈడీటీఏ అనే రసాయనం వేస్తారు. కొద్దిమంది రక్తంలో ఆ రసాయనం ఉంటేనే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయట. ఒంట్లో కాదు, ట్యూబ్‌లో మాత్రమే. అమ్మ ఆ కొద్దిమందిలో ఒకరు.

మళ్లీ రక్తం తీశారు, ఈసారి సిట్రేట్ ఉన్న ట్యూబ్‌లో. వచ్చిన లెక్క 1,48,000. సిట్రేట్ ద్రవం వల్ల రక్తం కొంచెం పల్చబడుతుంది కాబట్టి దాన్ని 1.1తో గుణించాలి. 1,62,800. మామూలు వైరల్ జ్వరం. రెండు రోజుల్లో తగ్గిపోయింది.

గాడ్జెట్ సైట్‌లో ఈ కథ ఎందుకు అంటారా? ఆ రోజు ల్యాబ్‌లో నేను ఇంకో పని చేశాను. జేబులోంచి నా ఫోన్ తీశాను. కెమెరాల గురించి నాకున్న అభిప్రాయం అక్కడే మారిపోయింది.

మెషిన్ ఎక్కడ పొరబడింది?

ముందు మెషిన్ సంగతి చూద్దాం. నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి ఇంటికొచ్చాక దీని గురించే చదివాను.

బ్లడ్ కౌంట్ మెషిన్లు కణాల్ని ఫోటో తీసి లెక్కపెట్టవు. వాటిని ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో పంపిస్తాయి. ఒక పద్ధతిలో సన్నటి రంధ్రం గుండా కణం దూరినప్పుడు విద్యుత్ నిరోధం ఎంత మారిందో చూస్తారు. ఎంత పెద్ద కణమైతే అంత పెద్ద పల్స్. ఇంకో పద్ధతిలో కణాల మీద లేజర్ పడుతుంది. ముందుకి చెదిరిన కాంతిని బట్టి కణం సైజు, పక్కకి చెదిరిన కాంతిని బట్టి దాని లోపల ఎంత గరుకుగా, రేణువులతో ఉందో తెలుస్తుంది. దీనికే ఫ్లో సైటోమెట్రీ అని పేరు. సెకనుకి వేల కణాలు. ఒక్క ఫోటో కూడా లేకుండా, కాంతితో కణాన్ని కొలవడం అంటే ఇదీ.

మరి అమ్మ రక్తం దగ్గర ఏమైంది? ప్లేట్‌లెట్ చాలా చిన్నది, 2 నుంచి 3 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు ఉంటుంది. మెషిన్‌లో రూల్ ఏంటంటే, ఇంత నుంచి ఇంత సైజులోపు ఉంటే ప్లేట్‌లెట్. పది, ఇరవై ప్లేట్‌లెట్లు అతుక్కుని ముద్ద అయితే? ఆ సైజు దాటిపోతాయి. లెక్కలోకి రావు. మన భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్ కండిషన్. అది రాసినవాళ్లు తప్పు రాయలేదు. ఇన్‌పుట్ ఇలా వస్తుందని ఆ కండిషన్‌కి తెలీదు, అంతే.

ఇంకో విషయం. తర్వాత కాగితం మీద తీసుకున్న రిపోర్ట్‌లో, ఆ 41,000 పక్కన ఒక చిన్న హెచ్చరిక ఉంది. "ప్లేట్‌లెట్ ముద్దలు ఉండొచ్చు, స్మియర్ చూడండి" అని. అంటే మెషిన్‌కి అనుమానం వచ్చింది! ఆ అనుమానాన్ని యాప్ మింగేసింది. నా స్క్రీన్ మీదకి వచ్చింది ఎర్ర రంగు అంకె మాత్రమే.

ఆ యాప్ చేసినవాళ్లని తిట్టుకుందామనుకున్నా గానీ నోరు రాలేదు. నేనూ ఆఫీసులో ఇలాంటి ఫీల్డ్‌లని తీసేసినవాణ్ణే. "ఇది ఆప్షనల్, స్క్రీన్ మీద చోటు లేదు, తీసేద్దాం" అని ఎన్ని మీటింగుల్లో అనుంటానో! ఒక ఆప్షనల్ ఫీల్డ్ తీసేస్తే ఎక్కడో ఒక కొడుకు రాత్రంతా బస్సులో కళ్లు మూయకుండా కూర్చుంటాడని అప్పుడు తెలీదు.

నా ఫ్లాగ్‌షిప్ ఫోన్ చేసిన ఘనకార్యం

ఇప్పుడు ఫోన్ సంగతి. ఏడాది పాటు ఈఎంఐ కట్టి కొన్న ఫోన్ నాది. కెమెరా కోసమే కొన్నా. మేడమ్‌ని అడిగి, ఐపీస్ మీద ఫోన్ కెమెరా ఆనించి, వరుసగా నాలుగు ఫోటోలు తీశాను. స్క్రీన్ మీద చూస్తే కళ్లు చెదిరాయి. రంగులు మెరిసిపోతున్నాయి, అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. గ్రూప్‌లో పెడితే బాబాయి కూడా "సూపర్ క్లారిటీ" అన్నాడు.

ఇంటికెళ్లాక ఒక ముద్దలో ఎన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయో లెక్కపెడదామని జూమ్ చేశాను. మొదటి ఫోటోలో 14 లెక్కకొచ్చాయి. రెండో ఫోటోలో అదే ముద్ద, కానీ 9. మూడో దాంట్లో ఆ ముద్ద మొత్తం నున్నటి ఊదారంగు మరక. స్లయిడ్ మారలేదు, ముద్ద మారలేదు. ప్రతి షాట్‌కీ నాయిస్ తీసేసి, నునుపు చేసి, అంచులు గీసి, రంగులు సర్దే సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఊహించింది.

ఐపీస్‌లో నా కంటికి కనిపించినదానికంటే ఫోటో అందంగా ఉంది. అసలు సమస్య అదే.

2023లో శాంసంగ్ ఫోన్ల చంద్రుడి ఫోటోల మీద జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఒకాయన చంద్రుడి ఫోటోని కావాలనే మసకగా చేసి, మానిటర్ మీద పెట్టి, దూరం నుంచి ఫోన్‌తో తీస్తే, ఆ మసక ఫోటోలో లేని వివరాలు కొత్తగా ప్రత్యక్షమయ్యాయి. తమ సీన్ ఆప్టిమైజర్ చంద్రుణ్ణి గుర్తుపట్టి ఏఐతో వివరాలు మెరుగుపరుస్తుందని కంపెనీ కూడా వివరణ ఇచ్చింది. అప్పుడు నేను నవ్వుకున్నా. చంద్రుడు ఎక్కడికి పోతాడు, ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు, కొంచెం మేకప్ వేస్తే తప్పేంటి అనుకున్నా. స్లయిడ్ మీద ఉన్న కణం అలా కాదు. అది ఇవాళ ఎలా ఉందో తెలుసుకోవడానికే చూస్తున్నాం. "సాధారణంగా ఇలా ఉంటుంది కాబట్టి ఇలా గీశా" అంటే దానికి మైక్రోస్కోప్ ఎందుకు?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఫోన్ కంపెనీలు మనకి అమ్ముతున్నది చూపించే కెమెరాని. కొలిచే కెమెరాని అమ్మట్లేదు. హార్డ్‌వేర్ దాదాపు సిద్ధంగా ఉంది. మనం అడగట్లేదు, రివ్యూల్లో ఎవరూ పరీక్షించట్లేదు, అందుకే వాళ్లు ఇవ్వట్లేదు.

మెగాపిక్సెల్ లెక్క, అసలు లెక్క

"200 మెగాపిక్సెల్ ఉంది కదా, కణం కనిపించదా?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. గెలాక్సీ ఎస్23 అల్ట్రా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్. ఎర్ర రక్తకణం కంటే పదింతలకు పైగా చిన్నది. మరి ఎందుకు కనపడదు?

ఎందుకంటే సెన్సర్ మీద పిక్సెల్ సైజు ఒకటి, వస్తువు మీద ఆ పిక్సెల్ కప్పే చోటు ఇంకొకటి. బడ్జెట్ ఫోన్లలో నంబర్ పెంచడానికి పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని తీసుకోండి. నా పాత ఫోన్‌తో 4 సెంటీమీటర్ల దూరం నుంచి స్కేల్‌ని ఫోటో తీస్తే, ఫ్రేమ్ వెడల్పులో సుమారు 6 సెంటీమీటర్లు వచ్చింది. ఆ వెడల్పులో 1600 పిక్సెళ్లు. భాగించండి. ఒక్క పిక్సెల్ సుమారు 37 మైక్రాన్లు. అంటే ఒక పిక్సెల్ వెడల్పులో నాలుగైదు ఎర్ర రక్తకణాలు పక్కపక్కనే పడుకోవచ్చు. ఇక ప్లేట్‌లెట్ మాట ఎత్తకండి.

కొన్ని కంపెనీలు నిజంగానే ప్రయత్నించాయి. 2021లో ఒప్పో ఫైండ్ ఎక్స్3 ప్రో 60 ఎక్స్ మైక్రోలెన్స్‌తో వచ్చింది, లెన్స్ చుట్టూ చిన్న లైట్ కూడా పెట్టారు. 2022లో రియల్‌మీ జీటీ 2 ప్రోలో 40 ఎక్స్ మైక్రోస్కోప్ కెమెరా ఇచ్చారు. బట్టల దారాలు, ఆకుల మీద గీతలు, స్క్రీన్ పిక్సెళ్లు తీసి మనందరం ఇన్‌స్టాలో పెట్టుకున్నాం. రెండు వారాల సరదా. ఒప్పో తన తర్వాతి ఫ్లాగ్‌షిప్ ఫైండ్ ఎక్స్5 ప్రోలో దాన్ని తీసేసింది. సరదా తీరాక ఎవరూ వాడని ఫీచర్‌ని ఎవరు మాత్రం ఉంచుతారు? 60 ఎక్స్ అని డబ్బా మీద రాయడం కంటే "ఈ ఫోటోలో ఒక పిక్సెల్ ఇన్ని మైక్రాన్లు" అని యాప్‌లో చూపించి ఉంటే, స్కూలు ల్యాబ్‌లో పిల్లలైనా దాన్ని రోజూ వాడేవాళ్లు.

సరే, లెన్స్ ఎంతైనా పెంచుకుంటూ పోతే? అక్కడ కాంతే అడ్డం పడుతుంది. 1873లో ఎర్నెస్ట్ అబ్బే తేల్చింది ఇదే. రెండు చుక్కలు విడివిడిగా కనపడాలంటే వాటి మధ్య దూరం, కాంతి తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ న్యూమరికల్ అపర్చర్‌కి రెట్టింపుతో భాగిస్తే వచ్చేంతైనా ఉండాలి. న్యూమరికల్ అపర్చర్ అంటే లెన్స్ ఎంత వెడల్పాటి కోణం నుంచి కాంతిని పోగుచేయగలదో చెప్పే అంకె. ఆకుపచ్చ కాంతి 550 నానోమీటర్లు, నూనె చుక్క వేసి వాడే మంచి ఆబ్జెక్టివ్‌కి ఆ అంకె 1.4. లెక్క కడితే సుమారు 200 నానోమీటర్లు, అంటే 0.2 మైక్రాన్. మామూలు మైక్రోస్కోప్‌కి అదే గీత. మెరిసే అణువులతో ఆ గీతని దాటే ఉపాయాలు కనిపెట్టినవాళ్లకి 2014లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. షార్ప్‌నెస్ స్లైడర్ జరిపితే ఎవరూ నోబెల్ ఇవ్వరు, ఆ గీతా జరగదు.

ఇక రంగు సంగతి. రంగు వేయని కణం దాదాపు గాజులా పారదర్శకంగా ఉంటుంది. అందుకే స్మియర్‌కి లీష్మన్ స్టెయిన్ లాంటివి వాడతారు. ఏ భాగం ఎంత ఊదాగా, ఎంత గులాబీగా ఉందన్నది అక్కడ సమాచారం. ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని తన ఇష్టానికి మార్చేస్తుంది. అలాగే ఎర్ర రక్తకణంలో హిమోగ్లోబిన్ ఊదా కాంతిని, 415 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది. ఎంత కాంతి తగ్గిందో కొలిస్తే ఎంత హిమోగ్లోబిన్ ఉందో లెక్క కట్టొచ్చు. కానీ మన జేపెగ్ ఫోటోలో కాంతి రెండింతలైతే పిక్సెల్ విలువ రెండింతలవ్వదు. చూడటానికి బాగుండాలని ముందే వంపు తిప్పేస్తారు. అందానికి ఓకే. కొలతకి పనికిరాదు.

పగిలిన ఐపీస్‌తో కొట్టిన సిక్సర్

స్పెక్స్ లేకుండా కొలత ఏం సాధిస్తుందో చెప్పడానికి మన సికింద్రాబాద్ కథే చాలు.

1897 ఆగస్టు 20. బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్ దోమల కడుపులు కోసి చూస్తున్నాడు. మలేరియా రోగిని కుట్టిన దోమలవి. ఆయన దగ్గరున్న మైక్రోస్కోప్ పరిస్థితి ఏంటంటే, చెమట పడి స్క్రూలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్‌కీ పగులు. ఇవాళైతే అలాంటి గాడ్జెట్‌ని ఓఎల్ఎక్స్‌లో పెట్టినా ఎవరూ కొనరు.

ఆ రోజు దోమ కడుపు గోడలో ఆయనకి గుండ్రటి ఆకారం ఒకటి కనపడింది. సుమారు 12 మైక్రాన్లు. దోమ కడుపులో మామూలుగా ఉండే కణాలు అంతకంటే పెద్దవని, వేల కణాలు చూసి చూసి ఆయనకి తెలుసు. లోపల నల్లటి రేణువులు కూడా ఉన్నాయి, మలేరియా పరాన్నజీవిలో ఉండే లాంటివి. మర్నాడు ఇంకో దోమని కోస్తే అవే గుండ్రటి కణాలు, కానీ ఇంకా పెద్దవి! అంటే పెరుగుతున్నాయి. పెరుగుతోందంటే అది ప్రాణమున్న పరాన్నజీవి. దోమలో మలేరియా ఉంటుందనడానికి దొరికిన తొలి గట్టి ఆధారం అది. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది.

ఆయన్ని గెలిపించింది ఫోటో కాదు. "దీని సైజు ఉండాల్సినట్టు లేదు" అని ఒకరోజు, "నిన్నటికంటే పెరిగింది" అని మర్నాడు గుర్తుపట్టగలగడం. మన ఫోన్ మొదటి రోజు 12 మైక్రాన్ల దాన్నీ, రెండో రోజు పెద్దదాన్నీ ఒకేలా అందంగా, వేర్వేరు జూమ్‌లో, స్కేల్ లేకుండా తీసిచ్చేది.

ఫోన్‌తోనే సరిగ్గా చేసినవాళ్లు

ఇదంతా చదివి నేను ఫోన్లకి వ్యతిరేకం అనుకోకండి. ఫోన్ సరైనవాళ్ల చేతిలో పడితే ఏం చేయగలదో కూడా చూద్దాం.

అమెరికాలోని బర్క్‌లీలో డేనియల్ ఫ్లెచర్ ల్యాబ్ వాళ్లు 2009లోనే మొబైల్ ఫోన్‌కి మైక్రోస్కోప్ లెన్సులు బిగించి మలేరియా సోకిన రక్తకణాల్ని, సికిల్ సెల్ కణాల్ని, మెరిసే రంగు వేసిన టీబీ బ్యాక్టీరియాని ఫోటో తీశారు. 2014లో అదే ల్యాబ్ ఇంకా సింపుల్ ఉపాయం చూపించింది. ఫోన్ కెమెరా లెన్స్ ముందు అలాంటిదే ఇంకో ఫోన్ లెన్స్‌ని తిరగేసి పెట్టారు. అప్పుడు వస్తువు, సెన్సర్ మీద దాని బొమ్మ, రెండూ ఒకే సైజు. సెన్సర్‌లో ఒక మైక్రాన్ అంటే వస్తువు మీద కూడా ఒక మైక్రాన్. దాంతో 5 మైక్రాన్లు, అంతకంటే చిన్న వివరాలు కూడా విడిగా కనపడ్డాయి. ఇదిగో, చిన్న పిక్సెళ్లు నిజంగా పనికొచ్చే చోటు!

వాళ్లదే అన్నింటికంటే నాకు నచ్చింది, లోవాస్కోప్. మధ్య ఆఫ్రికాలో నదుల దగ్గర వ్యాపించే అంధత్వానికి ఐవర్‌మెక్టిన్ మందు ఊరందరికీ పంచుతారు. కానీ కొందరి రక్తంలో లోవా లోవా అనే ఇంకో పురుగు పిల్లలు విపరీతంగా ఉంటాయి. వాళ్లకి ఆ మందిస్తే మెదడు దెబ్బతిని ప్రాణం మీదకి రావచ్చు. కాబట్టి మందు ఇచ్చే ముందు ఆ పిల్లలు ఎన్ని ఉన్నాయో ఊళ్లోనే, అక్కడికక్కడే లెక్క తేలాలి.

వాళ్లు ఏం చేశారంటే, వేలి నుంచి తీసిన రక్తపు చుక్కని సన్నటి గాజు గొట్టంలోకి తీసి, ఫోన్ బిగించిన చిన్న పెట్టెలో పెట్టారు. ఫోన్ కొన్ని సెకన్ల వీడియోలు తీస్తుంది. సాఫ్ట్‌వేర్ పురుగు రూపాన్ని వెతకదు. పురుగు మెలికలు తిరిగినప్పుడు చుట్టూ రక్తకణాలు కదులుతాయి కదా, ఆ కదలికని లెక్కపెడుతుంది. రంగు వేయక్కర్లేదు, అందమైన ఫోటో అక్కర్లేదు. రెండు నిమిషాల్లో జవాబు. మిల్లీలీటర్‌కి 20,000 దాటితే మందు ఇవ్వొద్దు. కామెరూన్‌లో ఒకోలా ప్రాంతంలో 2015లో 16 వేల మందికి పైగా ఇలా పరీక్షించారు. సుమారు 2 శాతం మందిని పక్కన పెట్టి, మిగతా చాలామందికి మందు ఇస్తే మెదడుకి సంబంధించిన ప్రమాదం ఒక్కటీ జరగలేదని 2017లో ప్రచురించారు.

ఆ వీడియో ఇన్‌స్టాలో పెడితే పది లైకులు రావు. ఎర్రటి మసక, మధ్యలో ఏదో కదులుతుంటుంది. కానీ మనుషుల్ని కాపాడింది ఆ మసకే. మన ఫోన్లలో ఉన్న వీడియో స్టెబిలైజేషన్, నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ముందు చెరిగిపోయేవి అలాంటి చిన్న కదలికలే.

"ఫోన్‌కి ఇదంతా ఎందుకు?" అంటే

న్యాయమైన ప్రశ్న. బ్లడ్ టెస్ట్ ల్యాబ్‌లోనే చేయించుకోవాలి, అందులో అనుమానం లేదు. ఇంట్లో సూది గుచ్చుకుని ఫోన్‌తో రోగనిర్ధారణ చేసుకోమని నేను చచ్చినా చెప్పను. 41,000 అంకెని చూసి మా ఇంటిల్లిపాదీ ఎంత కంగారుపడ్డామో చెప్పా కదా. సగం తెలిసిన అంకె అసలు తెలియనిదానికంటే ప్రమాదం.

కానీ కణాల్ని చూసేది డాక్టర్లు ఒక్కరే కాదు. నేను చదివిన స్కూల్లో ఒకే ఒక మైక్రోస్కోప్ ఉండేది, అదీ బీరువాలో. ఇన్‌స్పెక్షన్ రోజు బయటికొచ్చేది. ఇవాళ ప్రతి ఇంట్లో ఏదో ఒక ఫోన్ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్‌ని డాలర్ లోపు ఖర్చయ్యే విడిభాగాలతో చేసి చూపించింది. 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, దానికి ఫోన్ తగిలించి ఫోటో తీయొచ్చు. లెన్స్ చౌకైపోయింది, కెమెరా చేతిలోనే ఉంది. మిగిలిన పని సాఫ్ట్‌వేర్‌ది. అంటే, నాలాంటివాళ్లది.

ఈ ఆదివారం మీరే ఒకసారి కొలిచి చూడండి. ఒక క్లిప్-ఆన్ మాక్రో లెన్స్, రెండు ఫోన్లు చాలు. రెండో ఫోన్ స్క్రీన్ తెల్లగా పెట్టండి. దాని పీపీఐ ఎంతో స్పెక్స్‌లో ఉంటుంది. 25,400ని ఆ అంకెతో భాగిస్తే ఒక్కో పిక్సెల్ మధ్య దూరం మైక్రాన్లలో వస్తుంది. 400 పీపీఐ అయితే 63.5 మైక్రాన్లు. కొత్త స్కేల్ కొనక్కర్లేదు, మీ డిస్‌ప్లేనే స్కేల్. ప్రో మోడ్‌లో ఫోకస్ లాక్ చేసి, ఫోన్‌ని పైకీ కిందకీ జరిపి స్క్రీన్ చుక్కలు స్పష్టంగా వచ్చాక ఫోటో తీయండి. ఆకుపచ్చ చుక్కల్ని లెక్కపెట్టండి, చాలా స్క్రీన్లలో పిక్సెల్‌కి ఒకటి ఉంటుంది. పది చుక్కల దూరం అంటే 635 మైక్రాన్లు. అది మీ ఫోటోలో 254 పిక్సెళ్లు పట్టిందనుకుందాం. ఒక పిక్సెల్ 2.5 మైక్రాన్లు అన్నమాట.

ఇప్పుడు ఉల్లిపాయ రేకు లోపలి పల్చటి పొర తీసి గాజు ముక్క మీద పరిచి, కింద నుంచి వెలుగు వచ్చేలా పెట్టండి. టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేస్తే గోడలు బాగా కనపడతాయి. ఫోకస్, జూమ్ ముట్టుకోవద్దు. ఫోన్‌ని జరిపే షార్ప్ చేయండి, అప్పుడే స్కేల్ మారదు. ఒక కణం 110 పిక్సెళ్ల పొడవు వస్తే దాని అసలు పొడవు 275 మైక్రాన్లు, పావు మిల్లీమీటర్ పైచిలుకు. మీ జీవితంలో మీరు సొంతంగా కొలిచిన మొదటి కణం అది. నేను చేసినప్పుడు, ఆ మధ్య తీసిన చంద్రుడి ఫోటో కంటే ఎక్కువ సంతోషమేసింది. నిజంగా.

నేను అడిగేవి నాలుగే

కెమెరా యాప్‌లో "కొలత" అని ఒక మోడ్ పెట్టండి. అందులో ఇవి చాలు:

1. ఒకసారి స్కేల్ చూపించి క్యాలిబ్రేట్ చేస్తే, ప్రతి ఫోటో మీద మైక్రాన్ల గీత రావాలి.
2. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ గట్టిగా లాక్ అవ్వాలి. మాక్రో లెన్స్‌కి కూడా.
3. ఆ లెన్స్‌కి కూడా రా ఫైల్ ఇవ్వాలి. ఏఐ, షార్పెనింగ్, నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆఫ్ అవ్వాలి. "ఆఫ్" అని రాసి లోపల నడుపుతామంటే కుదరదు.
4. ఫోటోలో ఏదైనా భాగాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తే, ఊహించానని ఫైల్‌లో చెప్పాలి.

నాలుగోది నాకు అన్నింటికంటే ముఖ్యం. ల్యాబ్ మెషిన్ తనకి అనుమానం వస్తే కాగితం మీద ఒప్పుకుంది. లక్ష పెట్టి కొన్న ఫోన్‌కి ఆ మాత్రం నిజాయితీ ఉండొద్దా?

రివ్యూలు రాసేవాళ్లకీ ఒక మాట, నాతో సహా. ఇకపై మాక్రో కెమెరా గురించి రాసేటప్పుడు "డిటెయిల్స్ బాగున్నాయి" అని వదిలేయొద్దు. ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లు, ఒకే వస్తువుని పదిసార్లు తీస్తే పదిసార్లూ ఒకే కొలత వస్తోందా అని పరీక్షిద్దాం. నా తర్వాతి రివ్యూ నుంచి ఆ రెండు అంకెలూ ఇస్తాను.

అమ్మ ఇప్పుడు బాగుంది. మేడమ్ చెప్పినట్టు ఆవిడ ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో ఒక లైన్ రాసి పెట్టాం: "ప్లేట్‌లెట్లు సిట్రేట్ ట్యూబ్‌లో చూడాలి." ఏ యాప్‌లోనూ ఆ లైన్ రాసుకోవడానికి చోటు దొరకలేదు.